మంచు పెంచిన పిల్లి: నార్వేజియన్ ఫారెస్ట్ క్యాట్

[తెర మీద: మంచు పడిన పైన్ చెట్టు. ఓ పెద్ద బొచ్చు పిల్లి తల కిందికి పెట్టి కాండం మీంచి దిగుతోంది.]

బొచ్చు పిల్లి ఏది కనిపించినా మనం ‘పర్షియన్’ అనేస్తాం. ఇది మాత్రం పర్షియన్ కాదు.

[తెర మీద: రెండు పిల్లుల మొహాలు, పక్క నుంచి.]

ముక్కు చూడండి. పర్షియన్‌ది చప్పిడి ముక్కు. దీనికి నుదుటి నుంచి ముక్కు కొస దాకా తిన్నగా ఒకటే గీత. ఇది నార్వేజియన్ ఫారెస్ట్ క్యాట్. సొంతూళ్లో స్కోగ్‌కాట్ అంటారు. పేరులో అడవి ఉంది కదా అని అడవి పిల్లి అనుకునేరు. రైతుల పశువుల కొట్టాల్లో ఎలుకలు పట్టుకుంటూ బతికిన మామూలు పిల్లే. పర్షియన్‌కి ఆ మొహం రావడానికి మనుషులు తరతరాలుగా ఏరి ఏరి జత కట్టించారు. స్కోగ్‌కాట్ విషయంలో ఆ ఏరే పని చలి చేసింది.

[తెర మీద: బొచ్చును వేళ్లతో విడదీసి చూపించే క్లోజప్. మీద నీళ్లు చల్లితే బొట్లు జారిపోతాయి.]

ఇక్కడ రెండు పొరలున్నాయి. లోపలిది మెత్తగా, ఒత్తుగా ఉండి ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది. పైన పొడవాటి గరుకు వెంట్రుకలు, కాస్త జిడ్డుగా. నీటిని లోపలికి పోనివ్వవు. రైన్‌కోటు కింద స్వెట్టర్ వేసుకున్నట్టు. వేళ్ల సందుల్లో కూడా బొచ్చే, మంచులో పాదం గడ్డకట్టకుండా. పడుకున్నప్పుడు ఆ గుబురు తోకను మొహం మీదికి చుట్టుకుంటుంది. ఎండలు మొదలవగానే లోపలి పొర ఊడిపోతుంది. ఆ రోజుల్లో ఇంట్లో సోఫా సంగతి అడక్కండి!

మరి అంత ఉత్తరాన ఉన్న నార్వేకి పిల్లి ఎలా చేరింది?

[తెర మీద: మ్యాపు. ఈజిప్టు నుంచి బాల్టిక్ తీరం దాకా గీత.]

ఓడల్లో. ధాన్యం ఉన్న చోట ఎలుకలుంటాయి, ఎలుకలున్న చోట పిల్లికి పని ఉంటుంది. వైకింగులంటే నార్వే, ఆ చుట్టుపక్కల దేశాల పాతకాలపు సముద్ర యాత్రికులు. బాల్టిక్ తీరంలో రాల్స్‌వీక్ అనే వాళ్ల కాలపు రేవు ఉంది. అక్కడ తవ్వకాల్లో దొరికిన ఓ పిల్లి డీఎన్ఏలో ఈజిప్టు మూలాలు కనిపించాయి. ఈ సంగతి 2017లో బయటికొచ్చింది. వైకింగుల వెంట పిల్లులు ప్రయాణించాయన్నది ఊరికే అల్లిన కథ కాదన్నమాట.

పొడవు బొచ్చు సంగతి వేరు. ఎఫ్‌జీఎఫ్5 అని ఓ జన్యువు ఉంది. వెంట్రుక కొంత పెరిగాక ‘ఇక చాలు’ అని ఆపడం దాని పని. అది పాడైతే వెంట్రుక ఇంకా పెరుగుతూ పోతుంది. కాకపోతే తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు కాపీలూ పాడైనవే రావాలి. 2007లో శాస్త్రవేత్తలు ఈ జన్యువులో నాలుగు రకాల మార్పులు కనిపెట్టారు. ఒకటి చాలా జాతుల్లో ఉంది. ఇంకొకటి, వాళ్లు పరీక్షించిన జాతుల్లో స్కోగ్‌కాట్‌లో మాత్రమే కనిపించింది. కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) నుంచి వైకింగులు బొచ్చు పిల్లుల్ని తెచ్చారని చెప్పే కథ ఒకటుంది. నాకైతే ఈ సొంత మార్పు సంగతి తెలిశాక ఆ కథ మీద మోజు తగ్గింది.

[తెర మీద: రెండు పిల్లులు లాగుతున్న రథం, బొమ్మ.]

వైకింగుల పురాణాలకూ తక్కువేం లేదు. ఫ్రేయా దేవత రథాన్ని లాగేవి పిల్లులే. ఓ బూడిదరంగు పిల్లిని ఎత్తబోయిన థోర్ దేవుడు, ఒక్క పాదాన్ని మించి లేపలేకపోయాడు. అది లోకాన్ని చుట్టుకున్న మహాసర్పమని తర్వాత తెలిసింది. 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్ రచయిత స్నోరి స్టుర్లుసన్ రాసిపెట్టిన కథలివి. వాటి బొచ్చు పొడవెంతో మాత్రం ఆయన రాయలేదు. పిల్లి అభిమానులు తమ పిల్లినే అందులో చూసుకుంటారు, అది వేరే విషయం.

1938లో ఓస్లోలో ఈ పిల్లి కోసం మొదటి క్లబ్బు పెట్టారు. అంతలోనే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. పట్టించుకునేవాళ్లు లేక ఇవి వీధుల్లోని పొట్టి బొచ్చు పిల్లులతో కలిసిపోతూ వచ్చాయి. ఇందాకటి రెండు కాపీల లెక్క గుర్తుంది కదా? అలాంటి జతకు పుట్టే పిల్లల్లో ఎక్కువ భాగం పొట్టి బొచ్చువే. జాతి కరిగిపోయేదే. 1970ల్లో పిల్లుల పెంపకందారు కార్ల్ ఫ్రెడ్రిక్ నోర్డానె, ఆయన తోటివాళ్లు పూనుకుని, మిగిలిన మంచి పిల్లుల్ని వెతికి జత కట్టించారు. పాన్స్ ట్రూల్స్ అనే మగపిల్లిని చూసే జాతి లక్షణాలు రాసుకున్నారు. 1977లో ఫీఫే అనే అంతర్జాతీయ సమాఖ్య ఈ జాతిని గుర్తించింది.

[తెర మీద: పిల్లి కూన, వెట్ దగ్గర.]

కొద్ది పిల్లులతో జాతిని నిలబెడితే ఓ చిక్కుంది. దాగి ఉన్న చెడ్డ జన్యువులు జతపడే అవకాశం పెరుగుతుంది. ఈ జాతిలో జీఎస్‌డీ4 అనే జబ్బు అలాంటిదే. ఒంట్లో చక్కెరను దాచుకునే రూపమైన గ్లైకోజెన్ సరిగ్గా తయారవదు. చాలా కూనలు పుట్టగానే పోతాయి, బతికినవి నెలల్లోనే కండరాలు, నరాలు దెబ్బతిని చనిపోతాయి. దీనికి డీఎన్ఏ టెస్ట్ ఉంది. పాడైన కాపీ ఒక్కటే మోసే పిల్లికి ఈ జబ్బు ఉండదు, దాన్ని టెస్టులో క్లియర్ వచ్చిన పిల్లితో జత కడితే కూనల్లో ఈ జబ్బు రాదు. హైదరాబాద్‌లో కొన్నా, డాలస్‌లో కొన్నా, ముందు తల్లిదండ్రులిద్దరి జీఎస్‌డీ4 రిపోర్టు అడగండి. ‘మా దగ్గర అలాంటివేం రావండీ’ అంటూ రిపోర్టు చూపించకపోతే, ఆ కూన ఎంత ముద్దొచ్చినా అడ్వాన్స్ ఇవ్వకండి.