డబ్బా చచ్చిపోలేదు, కన్సోల్ కేబుల్ పెట్టండి
(శ్రీకాకుళంలో డిప్లొమా విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సర్టిఫికెట్ల గురించి చెప్పమని మీ మేష్టారు అడిగారు. నేను మాత్రం నా చేతుల్లో చచ్చి బతికిన ఒక డబ్బా గురించి చెప్తాను. వైఫై ఇచ్చే యాక్సెస్ పాయింట్ అది, బల్ల మీదున్న ఈ సిస్కో ఎయిరోనెట్ 1140 రకందే.

కొన్నేళ్ల క్రితం పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీకి వెళ్లాను. గోడౌన్‌లో యాక్సెస్ పాయింట్‌కి కొత్త ఫర్మ్‌వేర్, అంటే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, ఎక్కిస్తున్నాను. పాతది చెరిగిపోయింది, కొత్తది సగం వచ్చింది, కరెంటు పోయింది. తప్పు కరెంటుది కాదు. మన ఊళ్లలో కరెంటు సంగతి తెలిసి కూడా యూపీఎస్ పెట్టుకోని నాదే తప్పు. కరెంటు వచ్చాక చూస్తే లైటు వెలుగుతోంది గానీ వైఫై లేదు. "పోయిందా బాబూ?" అని ఓనరు గారు అడిగారు. పోయిందనే అనుకున్నాను నేను కూడా.

ఈ డబ్బాల్లో బూట్‌లోడర్, అంటే పవర్ ఇవ్వగానే ముందు లేచి ఫర్మ్‌వేర్‌ని లేపే చిన్న ప్రోగ్రాం, విడిగా ఉంటుంది. మీరు ఫర్మ్‌వేర్‌ని ఎంత పాడు చేసినా మామూలుగా దాని జోలికి పోరు. డబ్బా చెప్పేది ల్యాప్‌టాప్ తెర మీద చూపించే కన్సోల్ కేబుల్ పెట్టి, స్పీడు 9600 ఇచ్చి చూస్తే, తెర మీద "ఏపీ" అని రెండక్షరాలు, పక్కన రెండు చుక్కలు కనిపించాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ రెండక్షరాలు కనిపిస్తే మెదడు బాగానే ఉందని, నడపడానికి సాఫ్ట్‌వేరే లేదని అర్థం.

ఇక బతికించడం. ల్యాప్‌టాప్‌కి 10.0.0.2 అడ్రస్ ఇచ్చి, టీఎఫ్‌టీపీ సర్వర్, అంటే అడిగిన ఫైలు పంపే చిన్న ప్రోగ్రాం, నడపాలి. డబ్బా తనంతట తాను 10.0.0.1 తీసుకుంటుంది. మోడ్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఇచ్చి, 20 నుంచి 30 సెకన్లు, లైటు ఎర్రబడేదాకా వదలకూడదు. అప్పుడది నెట్‌వర్క్‌లో ఉన్న అందరినీ ఒకే ఫైలు అడుగుతుంది: సీ1140-కే9డబ్ల్యూ7-టార్.డిఫాల్ట్. మన ఫర్మ్‌వేర్ ఫైలుకి ఆ పేరే పెట్టి సర్వర్‌లో ఉంచాలి, ఒక్క అక్షరం తేడా ఉన్నా తీసుకోదు. డబ్ల్యూ7 అంటే సొంతంగా పనిచేసేది. డబ్ల్యూ8 అంటే కంట్రోలర్, అంటే చాలా డబ్బాల్ని ఒకేచోట నుంచి నడిపేది, చెప్పినట్టు వినేది. సెకండ్‌హ్యాండ్‌లో డబ్ల్యూ8 ఉన్న డబ్బా కొని, వైఫై ఎందుకు రావట్లేదని తల పట్టుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు.

బటన్ నొక్కడం పెద్ద పనేం కాదు. అసలు టైమంతా తినేది ల్యాప్‌టాపే. ఫైలు పేరు మార్చేటప్పుడు విండోస్ చివరి ముక్కను దాచేస్తుంది. మీకు డిఫాల్ట్ అని కనిపిస్తుంది, నిజానికి దాని వెనక ఇంకో టార్ ఉంటుంది. టీఎఫ్‌టీపీ వాడే యూడీపీ 69 పోర్టుని ఫైర్‌వాల్ నోరు మెదపకుండా ఆపేస్తుంది. వైఫై ఆన్‌లో ఉంటే సర్వర్ ఆ వైపు చూస్తూ కూర్చుంటుంది. ఇంకొకటి, డబ్బాని నేరుగా ల్యాప్‌టాప్‌కి కలపకండి. అది రీబూట్ అయినప్పుడల్లా లింకు తెగి, ల్యాప్‌టాప్ తన అడ్రస్ వదిలేస్తుంది. మధ్యలో ఒక మామూలు స్విచ్ పెడితే ఆ గొడవ ఉండదు. పలాసలో నాలుగుసార్లు ఫెయిలయ్యాక, పక్క గదిలో దుమ్ము పట్టిన ఐదు పోర్టుల స్విచ్ తెచ్చి పెడితే ఐదోసారి ఫైలు కదిలింది.

ఫైలు ఎక్కింది, రీబూట్ అయింది, అయినా ఫోన్లో వైఫై పేరు లేదు. ఓనరు గారు టీ తెప్పించి, మొహమాటంగా, "కొత్తది ఎంతవుతుంది?" అన్నారు. మళ్లీ చెమటలు. ఇంకో అరగంట పోయాక గుర్తొచ్చింది. కొత్తగా ఎక్కినప్పుడు ఇందులో రేడియోలు ఆపేసి ఉంటాయి, పేరు కూడా ఉండదు. లాగిన్ అయి, పేరు పెట్టి, రేడియో తెరవాలి. యూజరు, పాస్‌వర్డ్ రెండూ సిస్కోనే, మొదటి అక్షరం పెద్దది. తర్వాత వెంటనే మార్చేయండి.

ఈ డబ్బాలో ఫర్మ్‌వేర్ని పొద్దున్నే నేనే చెరిపేసి తెచ్చాను. స్విచ్ ఉంది, యూపీఎస్ కూడా ఉంది. ముందు వరసలో నీలం చొక్కా తమ్ముడూ, ఇలా వచ్చి బటన్ పట్టుకో. నేను పవర్ ఇస్తాను, మిగతావాళ్లు సెకన్లు లెక్కపెట్టండి.