‘ది అమెరికన్స్’లో అంకెల కాగితం

సభాధ్యక్షులకూ, సినిమా మిత్రులకూ నమస్కారం. సన్మానాలతోనే పొద్దుపోయింది కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

‘ది అమెరికన్స్’ సీరియల్లో నటన గురించి మాట్లాడమన్నారు. ఎఫ్ఎక్స్ ఛానెల్లో 2013 నుంచి 2018 దాకా ఆరు సీజన్లు, 75 ఎపిసోడ్లు వచ్చింది. రీగన్ కాలంలో వాషింగ్టన్ శివార్లలో ట్రావెల్ ఏజెన్సీ నడుపుతూ, పిల్లల్ని పెంచుతూ సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి పనిచేసే దంపతుల కథ. కెరీ రస్సెల్, మాథ్యూ రీస్ ప్రాణం పెట్టి చేశారు. రీస్‌కు 2018లో ఎమ్మీ వచ్చింది. నటన గురించి ఇంతకుమించి చెప్పను, మన్నించాలి.

ఈ సీరియల్ పేరెత్తితే చాలు, అందరూ వాళ్లు వేషాలు మార్చే విగ్గుల గురించే మాట్లాడతారు. నా బాధ అదే. రహస్య సందేశం కోసం షార్ట్‌వేవ్ రేడియో వింటూ అంకెలు రాసుకునే ఘట్టం రాగానే ముందుకు జరిపేస్తారు. సృష్టికర్త జో వైస్‌బర్గ్ ఒకప్పుడు సీఐఏ ఉద్యోగి. స్క్రిప్టుల్ని ఆ సంస్థ పరిశీలనకు పంపేవాడు. తెలిసిన మనిషి తీసిన ఘట్టం అది, జరిపేయకండి.

పెన్నూ కాగితమూ తీయండి. వెనక వరుసలవాళ్లు కూడా.

పంపాల్సిన మాటని కోడ్ పుస్తకం చూసి ముందు అంకెల్లోకి మారుస్తారు. 47215 అనుకోండి. దాని కింద కీ కాగితంలోని, అంటే ఏ క్రమమూ లేని అంకెలు నింపిన రహస్య కాగితంలోని అయిదంకెలు, 38964 రాయండి. ఇక ఏ స్థానానికి ఆ స్థానమే కూడాలి. ఏడూ ఎనిమిదీ పదిహేను, అయిదే రాయండి, ఒకటి వదిలేయండి. పక్క స్థానానికి ఏమీ వెళ్లకూడదు. 75179 వచ్చిందా? రేడియోలో చదివేది ఇదే. విన్నవాడి దగ్గర అదే కీ రెండో ప్రతి ఉంటుంది. తీసివేస్తాడు. అయిదులోంచి ఎనిమిది పోదు కాబట్టి పదిహేను అనుకుంటాడు. మళ్లీ 47215.

గురగురల్లో ఒక్క గ్రూపు, అంటే ఒక అయిదంకెల గుంపు, వినపడలేదనుకోండి, అక్కడ ఖాళీ వదలాలి. వదలకపోతే కీ ఒక గ్రూపు జరిగిపోయి, ఆ తర్వాతిదంతా చెత్త అవుతుంది. అందుకే ఇలా అంకెలు చదివే రేడియో స్టేషన్లు చాలావరకు ప్రతి గ్రూపునూ రెండుసార్లు చదివేవి. వాడిన కాగితాన్ని వెంటనే కాల్చేయాలి.

మళ్లీ చెప్తున్నాను, ఒక కాగితం ఒక్క సందేశానికే. రెండిటికి వాడితే, ఆ రెండు రహస్య సందేశాల్నీ ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేసినప్పుడు కీ ఎగిరిపోతుంది. మిగిలేది రెండు అసలు సందేశాల తేడా. ఓపికున్నవాడు దాన్ని విడదీయగలడు. సోవియట్‌లు సరిగ్గా అక్కడే దెబ్బతిన్నారు. యుద్ధకాలపు ఒత్తిడిలో, 1942 ప్రాంతంలో, కొన్ని కీ పుటలు రెండేసిసార్లు తయారయ్యాయి. వర్జీనియాలో అమెరికా సైన్యం రహస్య సంకేతాలు విప్పే కేంద్రమైన ఆర్లింగ్టన్ హాల్లో 1943లో సోవియట్ టెలిగ్రాముల మీద పని మొదలైంది. ఏళ్ల తరబడి కూర్చుని ముక్కలు ముక్కలుగా చదివారు. సోవియట్‌లకు రహస్యాలు చేరవేసిన అణు శాస్త్రవేత్త క్లాస్ ఫుక్స్ దొరికింది ఆ దారిలోనే. వెనోనా అనే ఈ పనిని 1995 దాకా బయటపెట్టలేదు. కథలో జెన్నింగ్స్ దంపతుల ఇల్లున్న ఫాల్స్ చర్చ్‌కు ఆ భవనం ఎంతో దూరం కాదు!

ఈ పద్ధతి పాతబడిందనుకోకండి. సీరియల్‌కు ప్రేరణ 2010లో ఎఫ్‌బీఐ పట్టుకున్న పదిమంది రష్యన్ ఏజెంట్లు. వాళ్లలోనూ రేడియో సందేశాలు అందుకున్నవాళ్లున్నారని కేసు పత్రాల్లో రాశారు.

నాకిచ్చిన సమయం అయిపోయింది. ఒక్క గ్రూపు మీకే వదులుతున్నాను. విన్నది 60382, కీ 27491. విప్పినవాళ్లు టీ విరామంలో నాకు చూపించండి. రెండో అంకె దగ్గర జాగ్రత్త, సున్నాలోంచి ఏడు తీయాలి.