ఆరు మైక్రాన్ల చొప్పున: పురుగు, స్ఫటికం, శిలాజం

అందరికీ నమస్కారం. తెర మీద ఉన్నది బంగారు పురుగు తల. ముందు నుంచి వెనక్కి సుమారు 2 మిల్లీమీటర్ల లోతు. ఒక్క క్లిక్కుతో ఇలాంటి ఫొటో రాదు. కొద్దికొద్దిగా జరుపుతూ 330 దాకా ఫొటోలు తీసి, ప్రతిదాంట్లో స్పష్టంగా ఉన్న భాగాన్ని మాత్రం కలపాలి. దీన్నే స్టాకింగ్ అంటాం. 330 అన్న లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే సగం పని తెలిసినట్టే.

మైక్రోస్కోపు ఆబ్జెక్టివ్, అంటే వస్తువు వైపు ఉండే లెన్సు, ఒకటి చేతిలోకి తీసుకోండి. దాని మీద 10/0.25 అని ఉంటుంది. 10 అంటే పది రెట్లు పెద్దది చేస్తుందని. అందరి కన్నూ దాని మీదే పడుతుంది. అసలు చూడాల్సింది 0.25. అది న్యూమరికల్ అపర్చర్, అంటే లెన్సు ఎంత వెడల్పు కోణం నుంచి వెలుగును పోగుచేస్తుందో చెప్పే అంకె. ఎంత సన్న వివరం దాకా కనిపిస్తుందన్నది 1873లో జర్మన్ భౌతిక శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ అబ్బే తేల్చాడు: కాంతి తరంగదైర్ఘ్యాన్ని ఈ అంకెకు రెట్టింపుతో భాగించాలి. ఆకుపచ్చ కాంతికి 0.55 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వేసుకుంటే 1.1 మైక్రాన్లు వస్తుంది. ఫోకస్ లోతు, అంటే ఒక్క ఫొటోలో స్పష్టంగా పడే మందం, కావాలంటే అదే తరంగదైర్ఘ్యాన్ని ఈ అంకె వర్గంతో భాగించండి: 8.8 మైక్రాన్లు. పక్కపక్క ఫొటోలు కాస్త ఒకదానిమీదొకటి పడాలి కాబట్టి ఆరు మైక్రాన్ల చొప్పున జరపాలి. 2000ను 6తో భాగించండి, 333.

అదే తల 4/0.10 లెన్సుకు 40 మైక్రాన్ల చొప్పున 50 ఫొటోల్లో అయిపోతుంది. 20/0.40 లెన్సుకైతే రెండున్నర మైక్రాన్ల చొప్పున 800 కావాలి. కొత్తవాళ్లు 4తోనే మొదలుపెట్టాలని గట్టిగా చెబుతాను. 20 రెట్ల లెన్సు కొని, నెల తిరక్కుండా బీరువాలో పెట్టేసేవాళ్లే ఎక్కువ.

"అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) మూసేస్తే లోతు పెరుగుతుంది కదా, ఇన్ని ఫొటోలు ఎందుకు?" అని తప్పకుండా అడుగుతారు. 5 రెట్ల దగ్గర మాక్రో లెన్సును ఎఫ్ 16కు మూస్తే నిజంగా పనిచేసేది 16ను 6తో (5 రెట్లకు ఒకటి కలిపి) హెచ్చవేసినంత, అంటే ఎఫ్ 96. అప్పుడు ఒక్క వెలుగు చుక్క సెన్సర్ మీద 0.13 మిల్లీమీటర్ల మరకగా పరుచుకుంటుంది. పిక్సెల్ వెడల్పేమో 0.004 దగ్గర ఉంటుంది. లోతు వస్తుంది, బొమ్మంతా అలుక్కుపోతుంది.

ఇక అమరిక. ఆబ్జెక్టివ్ మీద 160 అని ఉంటే దాని భుజం నుంచి సెన్సర్ దాకా 150 మిల్లీమీటర్లు ఉండేలా ట్యూబో, బెల్లోసో (సాగే మడతల గొట్టం) పెట్టి బిగించాలి. అనంతం గుర్తు ఉంటే మధ్యలో ఇంకో లెన్సు కావాలి. నికాన్, మిటుటోయో ఆబ్జెక్టివ్‌లు 200 మిల్లీమీటర్ల లెన్సుకు లెక్కగట్టినవి. అనంతానికి ఫోకస్ చేసిన 200 టెలిఫొటో సరిపోతుంది, 208 మిల్లీమీటర్ల రేనాక్స్ 150 అనే క్లోజప్ లెన్సు అయినా పరవాలేదు. 100 పెడితే పది రెట్లు కాస్తా ఐదవుతాయి, మూలలు నల్లబడతాయి. ట్యూబు లోపల మాత్రం నూగున్న నల్లకాగితం తప్పకుండా అతికించండి. మెరిసే లోపలి గోడ నుంచి వెలుగు తిరిగొచ్చి నలుపును బూడిదరంగు చేస్తుంది.

జరపడానికి మోటారుతో కదిలే పట్టాయే (ఫోకస్ రైల్) ఉండాలని లేదు. పాత మైక్రోస్కోపు ఫోకస్ దిమ్మె చాలు. చాలావాటిలో సన్న మర ఒక చుట్టు తిరిగితే 0.2 మిల్లీమీటర్లు, దాని మీద 100 గీతలు, అంటే గీతకు 2 మైక్రాన్లు. ఫొటోకు మూడు గీతలు. ఎప్పుడూ ఒకే వైపు తిప్పండి. వెనక్కి తిప్పితే మరలో ఉన్న వదులు మొదటి కొన్ని అడుగులను మింగేస్తుంది, ఆ చోట బొమ్మలో మసక పట్టీ పడుతుంది.

పది రెట్ల దగ్గర పురుగు ఒక్క మైక్రాన్ కదిలితే సెన్సర్ మీద పది మైక్రాన్లు, అంటే రెండు మూడు పిక్సెళ్లు. సీలింగు ఫ్యాను ఆపండి. ఫ్రిజ్ ఉన్న గోడకు బల్ల ఆనించకండి. మర తిప్పాక మూడు సెకన్లు ఆగండి. చీకటి గదిలో షట్టరు ఒక సెకను తెరిచి, ఫ్లాష్‌ను పూర్తి బలంలో 1/32 వంతుకో ఇంకా తక్కువకో పెట్టండి. ఆ వెలుగు మెరిసే క్షణం ఎంత చిన్నదంటే, షట్టరు కుదుపు బొమ్మదాకా రాదు.

పురుగులను చంపక్కర్లేదు. వానాకాలంలో వీధిదీపాల కింద, కిటికీ గట్ల మీద రాలినవి చాలు. ఎండి బిగుసుకుపోతే తడి స్పాంజి, కుళ్లకుండా ఒక చుక్క డెట్టాల్ వేసిన డబ్బాలో, నీళ్లు తగలకుండా ఎత్తుమీద పెట్టి మూసి ఒకటి రెండు రోజులు ఉంచండి, కాళ్లు మెత్తబడతాయి. అంట్లసబ్బు చుక్క వేసిన నీళ్లలో సన్న కుంచెతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ఆరబెట్టండి. సీతాకోకచిలుకకు ఇవేవీ చేయకండి, రెక్కల పొలుసులు రాలిపోతాయి. కంటికి కనపడని దుమ్ము పది రెట్ల దగ్గర గడ్డపెళ్లలా కనిపిస్తుంది.

బంగారు పురుగు పెంకు అద్దంలా చుట్టూ ఉన్నదాన్నంతా చూపిస్తుంది. అందుకని బటర్ పేపర్ గొట్టం పురుగుకు వీలైనంత దగ్గరగా చుట్టి, ఫ్లాష్‌లు బయట పెట్టాలి. స్ఫటికాలకు ఇది పనికిరాదు. భీమిలి తీరంలో అల వెనక్కి పోయినచోట నల్లటి, ఎర్రటి చారలు కడతాయి. నలుపు ఎక్కువగా ఇల్మనైట్ అనే ఖనిజం, ఎరుపు గార్నెట్ అనే ఖనిజం. ఆ గార్నెట్ రేణువును నలువైపులా మెత్తటి వెలుగులో పెడితే ముఖాలన్నీ ఒకటై ఎర్ర చుక్కలా మిగులుతుంది. ఒక పక్క నల్లకాగితం ముక్క నిలబెట్టండి, అంచులు వెంటనే తేలతాయి. పారదర్శక స్ఫటికాల్లో ఇంకో చిక్కు ఉంది: ముందు ముఖం, లోపలి పగులు రెండూ వేర్వేరు ఫొటోల్లో స్పష్టంగా ఉంటాయి, సాఫ్ట్‌వేరు రెండింటినీ కలగలిపేస్తుంది. ముందు ముఖం వరకు ఒక స్టాక్, లోపలికి ఇంకొకటి విడిగా చేసి చేత్తో కలపాలి. ఎర్రమట్టి దిబ్బల నుంచి మాత్రం దయచేసి ఏమీ తేకండి, అవి రక్షించుకోవాల్సిన భూవారసత్వ స్థలం.

రాజమండ్రి దగ్గర లావా పొరల మధ్య దొరికే చిన్న నత్తగుల్లల్లాంటి శిలాజాలది రాయి రంగే. రంగు సాయం చేయనప్పుడు నీడే సాయం. పై ఎడమ మూల నుంచి 15 డిగ్రీల వాలులో ఒకే దీపం పెట్టండి. శిలాజ శాస్త్రజ్ఞుల ఫొటోల్లో వెలుగు అటునుంచే వస్తుంది. దిశ మారితే గుంట బొడిపెలా కనిపిస్తుంది. అమ్మోనియం క్లోరైడ్ పొగతో తెల్లపూత వేస్తే గీతలు ఇంకా బాగా తేలతాయి. పొగను బయటికి లాగేసే గూటిలోనే (ఫ్యూమ్ హుడ్), శిలాజం మ్యూజియందైతే వాళ్ల అనుమతి ఉంటేనే వేయాలి. పూత తేమను పీల్చుకుంటుంది కనుక కోస్తా ముసురులో ఎక్కువసేపు నిలవదు, వేసిన వెంటనే తీయాలి.

ఫొటోలు కలిపేటప్పుడు జెరీన్ అనే స్టాకింగ్ సాఫ్ట్‌వేరులో పీమ్యాక్స్, డీమ్యాప్ అని రెండు పద్ధతులుంటాయి. నూగు, ముళ్లు అడ్డదిడ్డంగా ఉన్నచోట పీమ్యాక్స్ మేలు, కానీ నాయిస్ (బొమ్మ మీది గరుకు చుక్కలు) పెంచుతుంది. డీమ్యాప్ రంగులను నిజంగా ఉంచి, వెంట్రుకల చుట్టూ మసక వలయం వేస్తుంది. రెండూ చేసి, డీమ్యాప్ బొమ్మ మీద వెంట్రుకలున్న చోట్ల పీమ్యాక్స్‌ను కుంచెతో దిద్దండి. బొమ్మలో ఒకే దిక్కుకు సాగిన చుక్కల వరసలు కనిపిస్తే అది సెన్సర్ మీది దుమ్ము. ఫొటోలను సర్దేటప్పుడు అదీ జరుగుతూ పోయింది.

చివరగా కొలతగీత, అంటే బొమ్మలో ఎంత పొడవు నిజంగా ఎంతో చూపే గీత. ఒక మిల్లీమీటరును వంద భాగాలుగా గీసిన స్టేజ్ మైక్రోమీటరును అదే అమరికలో ఒకసారి ఫొటో తీసి పెట్టుకోండి. బెల్లోస్ పొడవు మారిస్తే మళ్లీ తీయాలి. ప్రశ్నలుంటే అడగండి.