అరుగులు పోయాక

అందరికీ నమస్కారమండి.

మా చిన్నప్పుడు కోనసీమలో వీధి అరుగు లేని ఇల్లు తక్కువ. చీకటి పడ్డాక ఎవరో ముసలాయన వచ్చి కండువా పరుచుకుని పడుకునేవాడు. మా నాయనమ్మ "అన్నం తిన్నావా?" అని అడిగేది, పేరు మాత్రం అడిగేది కాదు. తెల్లారేసరికి ఆయన వెళ్లిపోయేవాడు. ఇల్లు లేనివాళ్లకు మన వైపు మొదటి చోటు ఆ అరుగేనని నా నమ్మకం.

తర్వాత చెప్పుకోవాల్సింది సత్రాలు. గోదావరి స్నానానికి వచ్చినవాళ్లకి, ద్రాక్షారామం, అన్నవరం వెళ్లేవాళ్లకి దాతలు కట్టించారు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) ఏ వేళ వచ్చినవాళ్లకైనా వండి పెట్టారు. ఆ తల్లిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు కళ్లు చెమరుస్తాయి. కానీ ఒక సంగతి గమనించండి. సత్రం బాటసారిది. రెండు మూడు రోజులుండి ముందుకు వెళ్లిపోవాలి. కొన్నింటిలో కులం కూడా అడిగేవారు. వెళ్లడానికి మరో ఊరే లేనివాడి సంగతి ఎవరూ ఆలోచించలేదు.

లండన్‌లో ఆలోచించారు, కాకపోతే ధర కట్టి. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ 1888లో అక్కడి లైమ్‌హౌస్ పేటలో షెల్టర్, అంటే ఇల్లు లేనివాళ్లు తలదాచుకునే చోటు, తెరిచింది. ఆ కాలపు షెల్టర్లలో ఒక పెన్నీ ఇస్తే బెంచీ మీద కూర్చోనిచ్చేవారు, పడుకోనిచ్చేవారు కాదు. నాలుగు పెన్నీలిస్తే శవపేటికలాంటి చెక్కపెట్టెలో పడక. చలికి చావకుండా కాపాడింది, నిజమే. మనిషిని అలా పెట్టెలో పడుకోబెట్టడం మాత్రం నాకు మింగుడుపడదు.

మన దేశంలో ఇది దానం స్థాయి దాటి హక్కుగా మారింది కోర్టు వల్ల. 2010 జనవరిలో ఢిల్లీ చలికి జనం వణుకుతుంటే సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది. 2013లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం, పట్టణ జీవనోపాధి మిషన్, పట్టణాల్లో లక్ష జనాభాకి కనీసం ఒక శాశ్వత షెల్టర్ ఉండాలని నిబంధన పెట్టింది. ఒక్కొక్కరికి కనీసం 50 చదరపు అడుగుల చోటు, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉంచాలి అని కూడా అంది. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఇల్లు లేనివాళ్లు 17.7 లక్షలకు పైనే. రాత్రంతా తిరిగి లెక్కపెట్టినా, మూసిన షాపు మెట్ల మీద, బస్టాండ్ వెనక పడుకున్న ప్రతి మనిషీ ఆ లెక్కకి దొరుకుతారా?

ముఖ్యంగా ఆడవాళ్ల సంగతి చెప్పాలి. రోడ్డు మీద ఉన్న ఆడమనిషి రాత్రంతా మేలుకునే ఉంటుంది. పగలు గుడి మెట్ల మీద కునుకు తీస్తుంటే సోమరి అంటాం. వేరే గది, లోపల గడియ ఉన్న తలుపు, బాత్రూమ్ ఉంటేనే ఆమె షెల్టర్‌కి వస్తుంది.

2027లో గోదావరి పుష్కరాలు. యాత్రికులకి షెడ్లు వేస్తాం, సంతోషం. ఇప్పుడు రోజూ గోదావరి రేవుల్లోనే పడుకుంటున్నవాళ్లు ఆ 12 రోజులూ ఎక్కడ పడుకోవాలో మునిసిపాలిటీని ఇప్పుడే అడుగుదాం. అర్జీ రాసి తెచ్చాను, ఆ బల్ల మీద ఉంది. సంతకం పెట్టి వెళ్లండి.