రథయాత్రలో పుస్తకం పంచే ముందు అడగాల్సిన ఒక్క మాట

[దృశ్యం: పర్లాకిమిడి. సాయంత్రం, సన్నని వాన. ఆగి ఉన్న రథం పక్కన చిన్న బల్ల, దాని మీద పుస్తకాలు, పైన పాలిథీన్ పట్టా.]

జై జగన్నాథ్. పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఒడిశా గజపతి జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మా ఊరు అటు వెళ్ళింది. తెలుగు ఇళ్ళు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. బరంపురంలోనూ ఇదే కథ.

మేం నలుగురం రథయాత్రలో చిన్న భక్తి పుస్తకాలు పంచుతాం. మొదటి ఏడు గజేంద్రమోక్షం పద్యాలు తెలుగులో వేయించాం. పోతన పద్యాలు, వచ్చేది తెలుగువాళ్ళు, ఇంకేం కావాలి అనుకున్నాం. ఒకావిడ పుస్తకం అందుకుని, కళ్ళకద్దుకుని, తిరిగి నా చేతిలోనే పెట్టేసింది.

"బాబూ, నాకు తెలుగు మాటే వచ్చు, అక్షరం రాదు. ఒడియా బడిలో చదూకున్నాను."

నాకు తల తీసేసినట్టయింది. మా ఇంట్లో పిల్లల సంగతీ అదే కదా! ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా.

[తెరపై: ఒకే పద్యం రెండు లిపుల్లో, పక్కపక్కన.]

అందుకే ఇప్పుడు బల్ల దగ్గరికి ఎవరొచ్చినా ముందు అడిగేది ఒకటే: "ఒడియా నా, తెలుగు?" ఒడియాలో 'నా' అంటే 'లేక' అని. నువ్వు ఏ భాషవాడివి అని కాదు, ఏ అక్షరం చదువుతావు అని. రెండూ ఒకటి కాదు. ఈ సరిహద్దులో అసలే కాదు.

సరే, తెలుగు పద్యాన్ని ఒడియా లిపిలో వేస్తే సరిపోతుందా? అక్కడే ఉంది తిరకాసు. ఒడియా లిపిలో ఎ, ఏ లకు విడివిడి అక్షరాలు లేవు. ఒ, ఓ లకూ అంతే. 'ఎవ్వనిచే జనించు' అని వేస్తే మొదటి 'ఎ' పొట్టిదో పొడుగుదో కాగితం చెప్పదు. పైగా మన 'వ' వాళ్ళ నోట చాలాసార్లు 'బ' అవుతుంది, అకారం 'ఒ' వైపు మొగ్గుతుంది. జగన్నాథుడే ఇక్కడ జొగొన్నాథొ! పద్యం గణాల మీద నడుస్తుంది కాబట్టి పొట్టి అక్షరాన్ని పొడుగు చేస్తే కుంటుతుంది. మేం పట్టుకున్న ఉపాయం ఏమిటంటే, పెద్దవాళ్ళకు చెవిన ఎప్పుడో పడ్డ పద్యాలే ఏరుకోవడం. నోటికి సగం వచ్చిన పద్యానికి అక్షరం ఊతకర్ర అయితే చాలు.

ఒడియావాళ్ళకు ఏం ఇవ్వాలో వెతుక్కోనక్కర్లేదు. 16వ శతాబ్దంలో జగన్నాథ దాసు రాసిన ఒడియా భాగవతం ఉంది. పాదానికి తొమ్మిదే అక్షరాలు. అందుకే చదువు అంతంతమాత్రం వచ్చినవాళ్ళ నోటా అది ఇట్టే నిలుస్తుంది. ఊళ్ళలో దాన్ని చదువుకోవడానికి ఒక కొట్టాం ఉండేది, భాగవత టుంగీ అంటారు. తాటాకు ప్రతి ఒకటి, వినేవాళ్ళు ఊరంతా. పుస్తకం పంచుకోవడమంటే అదీ అసలు! మాది దాని ముందు ఎంత?

[దృశ్యం: తాడు పట్టుకున్న చేతులు, దగ్గరగా.]

ఎప్పుడు ఇవ్వాలి? ఆషాఢ శుద్ధ విదియ నాడు మాత్రం ఇవ్వకండి. ఆ రోజు అందరి చేతులూ తాడు మీదే. చేతిలో పెట్టిన పుస్తకం నిమిషంలో కింద పడుతుంది, దాని మీద వందమంది కాళ్ళు. దేవుడి బొమ్మ బురదలో కనిపిస్తే ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ మనసు పాడు.

మంచి సమయం ఆ తర్వాతి రోజులు. స్వామి గుండిచా ఇంట్లో, అంటే రథం వెళ్ళి చేరే గుళ్ళో, ఉంటాడు, దశమికి బాహుడా, అంటే తిరుగు రథం. ఈ మధ్యలో జనం తీరిగ్గా వచ్చి కూర్చుంటారు. నన్నడిగితే హేరా పంచమి సాయంత్రాన్ని మించింది లేదు. మొగుడు తనను వదిలి వెళ్ళాడని లక్ష్మీదేవి కోపంగా వచ్చి రథంలో ఓ ముక్క విరగ్గొట్టి వెళ్ళే పండుగ అది. పూరీలో జగన్నాథుడి రథం నందిఘోషకే ఆ దెబ్బ. ఆడవాళ్ళు ఆ కథ చెప్పుకుని తెగ నవ్వుతారు. ఆ నవ్వుల మధ్య పుస్తకం ఇస్తే అక్కడే తెరుస్తారు.

ఇక అచ్చు సంగతి. పదహారు పేజీలు చాలు, ఒక ఫారంలో, అంటే అచ్చుకు వేసే ఒక పెద్ద కాగితంలో, అయిపోతుంది, రెండు పిన్నులు కొడితే పుస్తకం. అక్షరం పెద్దగా ఉండాలి. ఆషాఢం కాబట్టి ఒక్కోదానికి ఒక ప్లాస్టిక్ కవరు. కట్టలు కట్టలుగా చేతిలో పెట్టకండి, అడిగినవాళ్ళకే ఇవ్వండి.

ఇదే ఊళ్ళో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు ఇక్కడి కొండల్లో ఉండే సవరల మాట నేర్చుకుని, వాళ్ళ భాషలో పుస్తకాలు రాశారు. మా బల్ల మీద సవర పుస్తకం ఇంకా లేదు. ఆ మాట వచ్చినవాళ్ళు కావాలి, వెతుకుతున్నాం.

[దృశ్యం: అరుగు మీద ఒక అవ్వ, పక్కన మనవడు, వాడి చేతిలో ఒడియా అక్షరాల గజేంద్రమోక్షం.]

పోయినేడు ఈ అరుగు మీదే ఒక గుంటడు అవ్వకు చదివి వినిపించాడు. "ఏబ్బొనిచే..." అన్నాడు. అవ్వ ప్రసాదం మూట విప్పుతూ, తల ఎత్తకుండానే "ఎవ్వనిచే" అంది. వాడు మళ్ళీ చదివాడు, అవ్వ మళ్ళీ దిద్దింది. ఈ ఏడు అచ్చులో పొడుగు అక్షరాల మీద చిన్న గీత పెట్టించాం.