మనీలా క్రిస్మస్ సినిమాలు: అవార్డు కన్నా ముందు దక్కాల్సింది థియేటర్

నమస్కారం. ఈరోజు ఫిలిప్పీన్స్ వాళ్ల సినిమా పండగ గురించి మాట్లాడుకుందాం.

డిసెంబర్ 25న అక్కడ ఏ మాల్‌కి వెళ్లినా హాలీవుడ్ సినిమా ఆడదు. ఐమ్యాక్స్ లాంటి ఒకటీ అరా స్క్రీన్లు వదిలేస్తే, క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా ఆడేవన్నీ ఫిలిపినో సినిమాలే. అవి కూడా ఒక కమిటీ ఏరి పెట్టినవే. దీని పేరు మెట్రో మనీలా ఫిల్మ్ ఫెస్టివల్. 1975లో మొదలైంది. నడిపేది ఎవరనుకున్నారు? మనీలా మహానగరంలో ట్రాఫిక్, వరదనీళ్ల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ!

ఫెస్టివల్ అంటే ఏ వంద మందో కూర్చుని చూసే సినిమాలు అనుకోకండి. ఇది మన సంక్రాంతి సీజన్‌లాంటిది. ఇంటిల్లిపాదీ కదులుతారు. జ్ఞాన తల్లిదండ్రులు (బాప్తిస్మం రోజున బిడ్డకి పెద్దదిక్కుగా నిలబడేవాళ్లు) పిల్లల చేతిలో పెట్టిన క్రిస్మస్ డబ్బులు టికెట్లకీ పాప్‌కార్న్‌కీ అయిపోతాయి. రిలీజ్‌కి ముందు ఒక్కో సినిమా వాళ్లు ఒక్కో శకటం కట్టుకుని ఊరేగుతారు. స్టార్లు పైనుంచి చేతులూపుతుంటే కింద జనం ఎండలో గంటల తరబడి నిలబడతారు. అవార్డులు మామూలుగా 27న ఇస్తారు. అంటే సినిమా ఇంకా హాల్లో ఉండగానే. ఈ టైమింగ్ చాలా ముఖ్యం, ఎందుకంటే ఆ రాత్రి గెలిచిన సినిమాకి మర్నాడు టికెట్ తెగే అవకాశం ఉంటుంది.

అయితే నా దృష్టిలో ఇక్కడ అసలు అవార్డు ట్రోఫీ కాదు. ఏడాదిలో జనం ఎక్కువగా సినిమాకొచ్చే రోజుల్లో, హాలీవుడ్ పోటీ లేకుండా దొరికే థియేటర్. అది ఎవరికి ఇవ్వాలి అన్నదే ఈ ఫెస్టివల్‌లో ఏళ్ల తరబడి నడుస్తున్న గొడవ. ఆ గొడవ అర్థం కావాలంటే ఒక రచయిత వెంట నడిస్తే చాలు. ఆయన పేరు రికీ లీ.

అప్పటి ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్ మార్షల్ లా (సైనిక పాలన) పెట్టిన రోజుల్లో జైలుకెళ్లిన మనిషి ఆయన. 1982లో ఆయన రాసిన 'హిమలా' ఈ ఫెస్టివల్‌కి వచ్చింది. దర్శకుడు ఇష్మాయెల్ బెర్నాల్, హీరోయిన్ నోరా ఔనోర్. కరువుతో ఎండిపోయిన ఒక పల్లె. మేరీమాత తనకి కనిపించిందని ఎల్సా అనే అమ్మాయి చెబుతుంది. రోగులొస్తారు, యాత్రికులొస్తారు, వాళ్ల వెనకే వ్యాపారం వస్తుంది. చివర్లో ఇసుకదిబ్బ మీద, వేల మంది ముందు, మైకు పట్టుకుని అద్భుతం అనేది లేదని ఆ అమ్మాయే చెబుతుంది. నోరా ముఖంలో ఏడుపు లేదు, ఆవేశం ఉందో లేదో కూడా చెప్పలేం. గొంతు మాత్రం ఒక్కో మాటకీ పైకి లేస్తుంది. అంతలో గుంపులోంచి తుపాకీ పేలుతుంది. పండగపూట కుటుంబాల కోసం పెట్టిన ఫెస్టివల్లో ఇలాంటి సినిమా ఆడింది, ఉత్తమ చిత్రం అయింది, నోరా ఉత్తమ నటి అయింది.

తర్వాతి రోజుల్లో లెక్క మారింది. 2006లో ఉత్తమ చిత్రం ఎంపికలో వసూళ్లకి కూడా మార్కులు వేశారు. ఒక ఫాంటసీ కామెడీ సిరీస్ మూడో భాగం గెలిచింది. కామెడీ మీద నాకేం కోపం లేదు, పిల్లలు నవ్వుకునే సినిమా పండక్కి ఉండాల్సిందే. కానీ కలెక్షన్ అనే బహుమతి ఆ సినిమాకి అప్పటికే వచ్చేసింది కదా. జ్యూరీ మళ్లీ అదే చేతికి ఇంకోటి ఇవ్వడం ఎందుకు?

2016లో కమిటీ తెగించింది. ఏటా పండక్కి వచ్చే పెద్ద స్టార్ల కామెడీలని పక్కనపెట్టి ఎక్కువగా చిన్న సినిమాలనే తీసుకుంది. ఆ ఏడు ఉత్తమ చిత్రం బేబీ రూత్ విల్లరామా తీసిన 'సండే బ్యూటీ క్వీన్'. అది డాక్యుమెంటరీ! హాంకాంగ్‌లో ఇంటిపనికి వెళ్లిన ఫిలిపినా ఆడవాళ్లు, వారంలో దొరికే ఒక్క సెలవురోజున అందాల పోటీ పెట్టుకుంటారు. ఆరు రోజులు ఎవరి ఇంట్లోనో గిన్నెలు తోమి, ఎవరి పిల్లల్నో ఎత్తుకుని, ఆదివారం కిరీటం పెట్టుకుంటారు. పని పోతే రెండు వారాల్లో హాంకాంగ్ వదిలి వెళ్లాలనే రూల్ వాళ్ల నెత్తిమీద వేలాడుతూనే ఉంటుంది. కడప నుంచో కోనసీమ నుంచో కువైట్ వెళ్లిన అమ్మో అక్కో మీ ఇంట్లో ఉంటే, ఈ సినిమా గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఏడాది వసూళ్లు బాగా పడిపోయాయి. థియేటర్ల వాళ్లకి టెన్షన్ పట్టుకుంది. 2017కి మళ్లీ పాత దారే. ఎంపికైన మొదటి నాలుగు సినిమాల పేర్లు బయటికి రాగానే కార్యవర్గంలోంచి ముగ్గురు రాజీనామా చేశారు. ఆ ముగ్గురిలో ఒకరు రికీ లీ.

కానీ ఆయన అలిగి కూర్చోలేదు. 2024లో, ఫెస్టివల్ యాభయ్యో ఏట, పది సినిమాలు పోటీపడ్డాయి. కలెక్షన్లలో ముందు నిలిచింది వైస్ గాండా నటించిన కామెడీ డ్రామా. ఉత్తమ చిత్రం మాత్రం 'గ్రీన్ బోన్స్'. దర్శకుడు జిగ్ దులాయ్. స్క్రీన్‌ప్లే రికీ లీ, ఇంకో రచయిత్రితో కలిసి రాశారు, దానికీ అవార్డు వచ్చింది. విడుదలకి దగ్గరపడిన ఒక ఖైదీ, అతన్ని బయటికి పోనివ్వకూడదని పట్టుబట్టిన ఒక గార్డు. మార్షల్ లాలో జైలు చూసొచ్చిన రచయిత, హిమలా వచ్చిన నలభై రెండేళ్లకి, జైలు కథతో అదే ఫెస్టివల్లో గెలిచాడు!

నాకు నచ్చింది 2024 పద్ధతే. ఒకే సీజన్లో కామెడీకీ చోటుంది, గ్రీన్ బోన్స్‌కీ చోటుంది. 2016 కమిటీ ధైర్యానికి నేను దండం పెడతాను, కానీ నవ్వుకోవడానికి వచ్చిన కుటుంబాన్ని గుమ్మం దగ్గరే పోగొట్టుకుంటే ఆ డాక్యుమెంటరీ పోస్టర్ చూసేవాళ్లు కూడా తగ్గిపోతారు.

వీటిలో ఒక్కటే చూసే టైముంటే హిమలా చూడండి. 2012లో రిస్టోర్ చేసిన ప్రింట్ ఉంది, అదే వెతకండి. నోరా ఔనోర్ 2025 ఏప్రిల్‌లో చనిపోయారు. ఆమె సినిమా ఒక్కటీ చూడనివాళ్లు ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.