అంచు చూసి కుట్లు ఎత్తుకోవడం

అందరికీ నమస్కారం.

ఊలు అల్లికలో మూల కుట్లైన నిట్, పర్ల్ రెండూ చేతికొచ్చాక చాలామంది ఆగిపోయేది స్వెట్టర్ మెడ దగ్గర. ముందు భాగం, వెనక భాగం చక్కగా అల్లేస్తారు, భుజాలు కలిపేస్తారు. ఆ తర్వాత, మెడ చుట్టూ కుట్లు ఎత్తుకుని పట్టీ అల్లమని నమూనాలో, అంటే అల్లే తీరు రాసిన కాగితంలో, ఒకే ఒక్క మాట ఉంటుంది. ఎక్కడ ఎత్తాలో, ఎలా ఎత్తాలో చాలా నమూనాలు చెప్పవు. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ ఒక్క మాట గురించే. జారిపోయిన కుట్టును క్రోషె హుక్‌తో (కొన వంగిన సూదితో) పైకి తెచ్చుకోవడాన్ని కూడా కుట్టు ఎత్తడమే అంటాం కానీ, అది వేరే పని. పూర్తయిన అల్లిక అంచు నుంచి కొత్త కుట్లు పుట్టించి, వేరే దిక్కుకు అల్లుకుంటూ పోవడమే ఇప్పటి విషయం.

మీ చేతుల్లో ఉన్న అల్లిక ముక్కని ఒకసారి పట్టుకోండి. మంచివైపు మీకు కనబడాలి. పక్క అంచుని రెండు చేతులతో కొద్దిగా లాగండి. స్టాకినెట్ అల్లిక (మంచివైపంతా నిట్ కుట్లే కనబడేది) పక్కలకి ముడుచుకుంటుంది కాబట్టి, లాగితే తప్ప ఏమీ కనబడదు. చిట్టచివర ఉన్న కుట్ల నిలువు వరస వదులుగా, ఒకటి పెద్దది ఒకటి చిన్నదిగా ఉంటుంది. దాని పక్కన రెండో నిలువు వరస తిన్నగా ఉంటుంది. ఈ రెండింటి మధ్య నిచ్చెన మెట్లలా అడ్డ దారాలు కనిపిస్తున్నాయా? ఒక్కో అడ్డ దారం మీరు అల్లిన ఒక్కో అడ్డ వరసకి గుర్తు; ఇకపై వరస అంటే ఇదే. సూది దిగాల్సింది ఆ దారాల మధ్య సందుల్లోకి. కొత్తగా నేర్చుకునేవాళ్లు అంచు చివర ఏ దారం దొరికితే దాంట్లోకి సూది పెట్టేస్తారు. ఒంటి దారం మీద ఎత్తిన కుట్టు సాగిపోతుంది, కింద కన్నం పడుతుంది. ఒక పూర్తి కుట్టు లోపలికి వెళ్తే ఆ వదులు అంచంతా వెనక్కి మడత పడి, ముందు నుంచి శుభ్రమైన గీత వస్తుంది.

ఇప్పుడు కుడి చివర నుంచి మొదలుపెడదాం. కుడిచేత్తో అల్లేవాళ్లు కుడి నుంచి ఎడమకి వెళ్తారు. కొత్త ఊలు తీసుకుని, తర్వాత దాచి కుట్టడానికి ఓ 15 సెంటీమీటర్ల కొస వదలండి. సందులోంచి సూది మొనని ముందు నుంచి వెనక్కి దించండి. వెనకున్న ఊలుని నిట్ కుట్టుకి చుట్టినట్టే సూదికి చుట్టి, ఆ లూప్‌ని ముందుకి లాగండి. సూది మీద ఒక కుట్టు వచ్చింది. పని మొత్తం ఇంతే. సూది మొన ఊలు చీలుస్తూ ఉంటే క్రోషె హుక్‌తో లాగి సూదికి ఎక్కించుకోండి. అందులో తప్పేమీ లేదు, నాకు హుక్‌తో లాగడమే ఇష్టం కూడా. ఎత్తేటప్పుడు ఒకటి రెండు సైజులు సన్నటి సూది వాడితే కుట్లు బిగువుగా కూర్చుంటాయి. పట్టీకి చెప్పిన సైజు సూదిని తర్వాతి వరసలో పట్టుకుంటే చాలు.

అసలు చిక్కు లెక్కలో ఉంది. ఎన్ని ఎత్తాలి? సందుకొకటి ఎత్తితే సరిపోతుందని అనిపిస్తుంది, కానీ సరిపోదు. స్టాకినెట్‌లో కుట్టు చదరంగా ఉండదు, ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువ. మీ అల్లిక 10 సెంటీమీటర్లకి అడ్డంగా 21 కుట్లు, నిలువుగా 28 వరసలు వస్తోందనుకుందాం. కార్డిగన్ (ముందు బొత్తాలుండే స్వెట్టర్) ముందు అంచు 50 సెంటీమీటర్ల పొడవు ఉంటే అందులో 140 వరసలు ఉంటాయి. వరసకొకటి చొప్పున 140 కుట్లు ఎత్తారనుకోండి. 10 సెంటీమీటర్లకి 21 చొప్పున ఆ 140 కుట్లకి దాదాపు 67 సెంటీమీటర్ల చోటు కావాలి. ఉన్నది 50. ఆ మిగతా 17 సెంటీమీటర్లు ఎక్కడికి పోతాయి? బొత్తాల పట్టీ అలలు అలలుగా లేచి నిలబడుతుంది. అలాగని రెండు వరసలకి ఒకటి చొప్పున 70 ఎత్తితే పట్టీ 33 సెంటీమీటర్లే వస్తుంది, స్వెట్టర్ ముందు భాగమంతా పైకి లాక్కుపోతుంది. 50 సెంటీమీటర్లకి కావాల్సినవి 105. అంటే 140లో నాలుగింట మూడు. మూడు సందుల్లో ఎత్తి, నాలుగో సందు వదిలెయ్యండి. మళ్లీ మూడు, మళ్లీ ఒకటి వదలడం. స్టాకినెట్‌కి చాలాచోట్ల ఈ లెక్క సరిగ్గానో, కాస్త అటూఇటుగానో పనిచేస్తుంది. ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే మీ ఊలుకి, మీ చేతి బిగువుకి తగ్గట్టు మార్చుకోగలరు. అందుకే నమూనాలో రాసిన అంకె కన్నా మీ ముక్క మీద మీరు కొలిచిన అంకెనే నమ్మమంటాను. పట్టీ వేరే అల్లికలో ఉంటే, ఆ అల్లికలో చిన్న ముక్క అల్లి కొలవండి.

గార్టర్ (ప్రతి వరసా నిట్ చేసిన అల్లిక) అంచైతే పని సులువు. అక్కడ వరసలు దగ్గరకి నొక్కుకుని ఉంటాయి, రెండు వరసలు కలిసి ఒక గట్టులా కనబడతాయి. గట్టుకొక కుట్టు చొప్పున ఎత్తండి, టెన్షన్ లేదు.

బైండ్ ఆఫ్ చేసిన, అంటే కుట్లు ముగించి మూసేసిన, అంచుకి వేరే లెక్క. అక్కడ కుట్టు మీద కుట్టే వస్తుంది కాబట్టి ఒకటికి ఒకటి. పైన జడలా కనబడే గొలుసుని వదిలేసి, దాని కిందే ఉన్న కుట్టు నడుమ, V లాంటి దాని రెండు కాళ్లు కలిసే చోట సూది దించండి. గొలుసు వెనక్కి పోతుంది, కుట్ల నిలువు గీత తెగకుండా సాగుతుంది.

మేజోడు మడమ దగ్గర మొదటి కుట్టుని అల్లకుండా జరిపి ఉంటారు, అందుకే అంచున రెండు వరసలకి ఒక పెద్ద గొలుసు కుట్టు వస్తుంది. మడమ పలక 32 వరసలైతే గొలుసులు 16, కుట్లూ 16. గొలుసు రెండు కాళ్ల కిందుగానూ సూది దూర్చండి. పాదం పైభాగం కలిసే మూలలో ఇంకొకటి అదనంగా ఎత్తి, తర్వాతి చుట్టులో పక్క కుట్టుతో కలిపి అల్లేస్తే అక్కడ కన్నం పడదు.

ఇక మెడ. ఇక్కడ పైవన్నీ ఒకేచోట కలుస్తాయి. మధ్యలో బైండ్ ఆఫ్ చేసిన భాగం, పక్కల్లో కుట్లు తగ్గిస్తూ వచ్చిన వాలు, ఆ పైన నిటారు భాగం. మధ్యలో ఒకటికి ఒకటి, నిటారు భాగంలో నాలుగింట మూడు. వాలు దగ్గర మాత్రం కళ్లతో చూసుకోవాలి. కుట్లు తగ్గించిన చోట పెద్ద కన్నాలు కనబడి, సూది వాటిలోకే పోతానంటుంది. పోనివ్వకండి, పక్కనున్న గట్టి కుట్టులోకి దించండి. మెడని ముందే నాలుగు భాగాలు చేసి మార్కర్లు (గుర్తు రింగులు) పెట్టుకుంటే ఎడమవైపూ కుడివైపూ సమానంగా వస్తాయి. ఒకవైపు 24, రెండోవైపు 29 వస్తే మెడ పక్కకి లాగినట్టు కనబడి తీరుతుంది.

అన్నీ ఎత్తాక అంకె నమూనాతో కలవకపోతే కంగారు పడకండి. రెండు నిట్, రెండు పర్ల్ రిబ్బింగ్‌ని (పట్టీకి వాడే, సాగే చారల అల్లికని) గుండ్రంగా అల్లాలంటే కుట్లు నాలుగుతో భాగం కావాలి. మీకు 98 వచ్చాయనుకోండి, మొదటి చుట్టు సాదాగా నిట్ చేస్తూ దూరం దూరంగా రెండు తగ్గించి 96 చేసుకోవచ్చు. అంకె కోసం అంచు మీద లేని చోట కుట్లు ఇరికించడం కన్నా ఇదే మేలు. ఎక్కడైనా చిన్న సందు కనబడితే ఆ చుట్టులోనే ఆ కుట్టుని సూది వెనకవైపున్న కాలు లోంచి అల్లండి, మెలిపడి సందు మూసుకుంటుంది.

రిబ్బింగ్ మొదలుపెట్టే ముందు ముక్కని బల్ల మీద పరిచి చూడండి. అంచు మధ్యలో ముడుచుకుందా, లేచిందా? ఇప్పుడైతే విప్పాల్సింది ఒక్క వరసే. ఇప్పుడు మీ ముక్కకి పక్క అంచున మూడు ఎత్తి ఒకటి వదులుతూ వెళ్లండి, నేను ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చూస్తాను.